గ్యాస్ అయిపోయింది అనే ముందు: ఏసీ పనివాళ్ల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఏసీ, హీటింగ్, వెంటిలేషన్ పనిలో ఉన్నవాళ్లవి, లేదా చేరదామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లవి. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాను.

ప్రశ్న: చదువు మధ్యలో ఆగిపోయింది. మా బావగారు ఏసీ పని నేర్చుకోమంటున్నారు. ఇంట్లోవాళ్లేమో "గ్యాస్ నింపుకుంటూ బతుకుతావా" అంటున్నారు. ఇందులో నేర్చుకోడానికి నిజంగా ఏమైనా ఉందా?

జవాబు: బోలెడుంది తమ్ముడూ. మీ ఇంట్లోవాళ్లనీ తప్పుపట్టలేం, బయటికి కనిపించేది అదే కదా, ఎవరో సిలిండర్ మోసుకొస్తాడు, గొట్టం తగిలిస్తాడు, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. కానీ ఆ ఒక్క పెట్టెలో కరెంటు పని ఉంది, ఎలక్ట్రానిక్స్ ఉంది, పైపుల పని ఉంది, వీటన్నిటికీ మించి గాలి లెక్క, తేమ లెక్క ఉన్నాయి. విల్లిస్ కారియర్ 1902లో డిజైన్ చేసిన మొదటి యంత్రం మనుషుల్ని చల్లబరచడానికి కాదు. బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో తేమకి కాగితం సాగిపోయి రంగులు పక్కకి జరుగుతుంటే, ఆ తేమని అదుపులో పెట్టడానికి. ఇప్పటికీ "ఏసీ ఆన్‌లోనే ఉంది కానీ జిగటగా ఉంది" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు తేమ గొడవే.

ఎండలో మేడ మీద నిలబడాలి, అటకల్లో దూరాలి, బరువులెత్తాలి. సీజన్‌లో ఫోన్ ఆగదు, సీజన్ పోతే మోగదు. ఇవి తెలిసి రండి. లెక్కలంటే భయం అక్కర్లేదు, రోజూ చేసేవి చాలావరకు తీసివేతలే.

ప్రశ్న: హెల్పర్‌గా చేస్తున్నాను సార్. మా సీనియర్ ఏ కంప్లైంట్ వచ్చినా ముందు గేజ్ తగిలిస్తాడు, ప్రెషర్ తక్కువుంటే గ్యాస్ వేసేస్తాడు. చాలాసార్లు కూలింగ్ వస్తుంది కూడా. ఇదే పద్ధతా?

జవాబు: కాదు. ఇది చాలామందికి పనికొచ్చే ప్రశ్న కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

గ్యాస్ బండిలో పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. కాంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి, అక్కడి నుంచి కూలింగ్ కాయిల్‌కి, మళ్లీ కాంప్రెసర్‌కి అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉంది. లీక్ వెతక్కుండా గ్యాస్ వేయడమంటే మళ్లీ వచ్చే పని ఇప్పుడే బుక్ చేసుకోవడం. ఫ్లేర్ నట్ (పైపులు కలిసే చోట బిగించే నట్టు) చుట్టూ నూనె మరక ఉందేమో ముందు కళ్లతో చూడండి, గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా కొంచెం బయటికొస్తుంది కాబట్టి అక్కడ దుమ్ము అంటుకుని నల్లగా ఉంటుంది. తర్వాత సబ్బు నురగ.

ఇంకా పెద్ద సమస్య ఏంటంటే, సక్షన్ ప్రెషర్ (కాంప్రెసర్‌లోకి తిరిగొచ్చే గ్యాస్ ఒత్తిడి) తక్కువుంటే గ్యాస్ తక్కువుందనే అర్థం లేదు. ఫిల్టర్ మూసుకుపోయినా, బ్లోయర్ నెమ్మదిగా తిరిగినా, కూలింగ్ కాయిల్ మీద మట్టి పేరుకున్నా ప్రెషర్ అలాగే పడిపోతుంది. గేజ్ ముల్లుకి ఆ తేడా తెలీదు, కూలింగ్ కాయిల్ నుంచి కాంప్రెసర్‌కి వెళ్లే లావు పైపుకి తెలుసు. క్యాపిలరీ (కాయిల్‌లోకి గ్యాస్‌ని కొద్దికొద్దిగా వదిలే సన్న గొట్టం) ఉన్న, ఆర్-410ఏ అనే రకం గ్యాస్‌తో నడిచే మెషిన్ తీసుకోండి. సక్షన్ 118 పీఎస్ఐ ఉంటే ఆ ఒత్తిడికి కాయిల్‌లో గ్యాస్ సుమారు నాలుగున్నర డిగ్రీల దగ్గర మరుగుతుంది. అదే 101కి పడితే సున్నా దగ్గర మరుగుతుంది, కాయిల్ మీద ఐస్ మొదలవుతుంది. ఇప్పుడు లావు పైపు మీద టెంపరేచర్ క్లాంప్ పెట్టండి. పైపు 16 డిగ్రీలు చూపిస్తే, గ్యాస్ మరిగే సున్నాకీ దానికీ తేడా 16, అంటే గ్యాస్ కాయిల్ మొదట్లోనే మరిగిపోయి మిగతా దారంతా ఊరికే వేడెక్కుతోంది. గ్యాస్ తక్కువైనా కావచ్చు, క్యాపిలరీ ఇరుకైపోయినా కావచ్చు. పైపు 2 డిగ్రీలే చూపిస్తే తేడా 2, అంటే ద్రవం పూర్తిగా మరగకుండానే వచ్చేస్తోంది, కాయిల్‌కి వేడి అందట్లేదు, తప్పు గాలి వైపు ఉంది. ఈ తేడానే సూపర్‌హీట్ అంటాం.

పైపు 2 డిగ్రీలే చూపించిన మెషిన్‌లో మీ సీనియర్ గ్యాస్ వేస్తే ఏమవుతుంది? ప్రెషర్ పైకొస్తుంది, ఐస్ కరుగుతుంది, కూలింగ్ వచ్చినట్టే ఉంటుంది, కస్టమర్ దండం పెడతాడు. ఆ తర్వాత ఎవరో ఒక రోజు ఫిల్టర్ కడుగుతారు, అప్పటికి మెషిన్‌లో గ్యాస్ ఎక్కువైపోయి ఉంటుంది, ద్రవం కాంప్రెసర్‌లోకి పోయి ఆయిల్‌ని పలచన చేస్తుంది. కొన్నాళ్లకి కాంప్రెసర్ పోతే "కంపెనీ మాల్ బాగోలేదు" అంటారు!

క్యాపిలరీ బదులు ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉన్న మెషిన్లలో సూపర్‌హీట్‌ని వాల్వే సర్దేస్తుంది కాబట్టి సన్న పైపు వైపు సబ్‌కూలింగ్ (ద్రవంగా మారాక గ్యాస్ ఇంకా ఎన్ని డిగ్రీలు చల్లబడిందో) చూడాలి. ఇన్వర్టర్ స్ప్లిట్ అయితే కాంప్రెసర్ వేగమే మారుతుంటుంది, ప్రెషర్ చూసి గ్యాస్ వేయడం గుడ్డి లెక్క. ఉన్న గ్యాస్ మొత్తం సిలిండర్‌లోకి రికవర్ చేసి, లీక్ కట్టి, నేమ్‌ప్లేట్ మీద రాసినంత తూకం వేసి ఎక్కించడమే దారి.

సీనియర్‌తో కస్టమర్ ముందు వాదించకండి. ఫిల్టర్ తీసి శుభ్రం చేసి పెట్టండి, చెప్పకుండానే పని అవుతుంది.

ప్రశ్న: కొత్త ఫిట్టింగ్‌లో వాక్యూమ్ కొట్టకుండా (పంప్‌తో పైపుల్లోని గాలి, తేమ లాగేయకుండా), గ్యాస్‌నే కాస్త వదిలి గాలి తోసేస్తే సరిపోతుందంటారు అన్నా. నిజమేనా?

జవాబు: ఆ మాట నేనూ చాలాచోట్ల విన్నాను, వింటే ఒళ్లు మండుతుంది. గాలి కొంత పోతుందేమో గానీ తేమ పోదు. ఆర్-410ఏ, ఆర్-32 మెషిన్లలో వాడే సింథటిక్ ఆయిల్ తేమని పీల్చుకుంటుంది, వేడికి అది ఆమ్లంగా మారి కాంప్రెసర్ మోటార్ వైండింగ్‌ని తినేస్తుంది. మిగిలిపోయిన గాలేమో కండెన్సర్‌లో ద్రవంగా మారదు, ప్రెషర్‌ని పెంచుతూ కూర్చుంటుంది. పైగా ఊరికే వదిలేసే ఆర్-32, వందేళ్ల లెక్కన చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కన్నా 675 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఆర్-410ఏ అయితే 2,088 రెట్లు.

వాక్యూమ్‌ని మైక్రాన్లలో కొలుస్తాం, మామూలు గాలి ఒత్తిడి 7,60,000 మైక్రాన్లు. మనం దిగాల్సింది 500 లోపుకి. మామూలు గేజ్ ముల్లు అక్కడికి చాలా ముందే అడుగుకి చేరిపోతుంది, ఆ పైన ఏమీ చెప్పలేదు, అందుకే మైక్రాన్ గేజ్ వేరే కావాలి. 500 వచ్చాక పంప్ వైపు వాల్వ్ మూసి కాసేపు చూడండి. అంకె కాస్త పెరిగి వెయ్యిన్నర దగ్గర ఆగిపోతే లోపల ఇంకా తేమ ఉంది, పంప్ మళ్లీ పెట్టండి. ఆగకుండా పెరుగుతూనే ఉంటే లీక్. "పావుగంట కొట్టాను" అనేది సమాధానం కాదు, అంకె ఎంతో చెప్పాలి.

ప్రశ్న: ఈ పనిలో ప్రాణం మీదకి వచ్చేవి ఏవి? మా ఆవిడకి ఎప్పుడూ టెన్షనే, మేడ మీంచి పడిపోతానని.

జవాబు: ఆవిడ భయం నిజమే, బెల్ట్ కట్టుకోండి. కానీ ఆవిడకి తెలియనివి ఇంకొన్ని ఉన్నాయి. ప్రెషర్ టెస్ట్‌కి నైట్రోజన్ తప్ప ఇంకేదీ వాడకూడదు. పక్కనే ఉంది కదా అని బ్రేజింగ్ సెట్ (మంటతో పైపులు అతికేది)లోని ఆక్సిజన్ ఎక్కిస్తే, అది కాంప్రెసర్ ఆయిల్‌తో కలిసి పేలుతుంది. రెండోది, పంప్‌డౌన్ చేస్తూ (గ్యాస్‌నంతా అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగుతూ) కాంప్రెసర్ తిరుగుతుండగానే ఫ్లేర్ నట్ విప్పడం. బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది, గాలి, ఆయిల్ కలిసి నలిగి విపరీతంగా వేడెక్కుతాయి, కాంప్రెసరే బాంబైపోతుంది. ముందు వాల్వ్‌లు మూయాలి, మెషిన్ ఆపాలి, అప్పుడు నట్ మీద చెయ్యి. ఇన్వర్టర్ బోర్డులో స్విచ్ ఆపేశాక కూడా 300 వోల్టుల పైన డీసీ కొంతసేపు నిలిచి ఉంటుంది, మీటర్‌తో చూడనిదే ముట్టుకోవద్దు. ఆర్-32 కొంచెం, ఆర్-290 బాగా మండే గ్యాసులు, అవి ఉన్న లైన్‌ని పూర్తిగా ఖాళీ చేసి నైట్రోజన్‌తో కడగందే మంట పెట్టకండి.

ప్రశ్న: ఒక ఆఫీసులో మెయింటెనెన్స్ చూస్తున్నాను. కూలింగ్ బాగానే ఉంది, కానీ మధ్యాహ్నానికల్లా అందరూ తల బరువు, నిద్ర అంటున్నారు. మెషిన్‌లో ఏ లోపం లేదు.

జవాబు: బయటి గాలి లోపలికి తెచ్చే డ్యాంపర్ చూడండి, కరెంటు ఆదా అని ఎవరో మూసేసి ఉంటారు. కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఒకటి తెచ్చి పెట్టండి, ఆరుబయట 420 పీపీఎం దరిదాపుల్లో ఉంటుంది. లోపల 1,000 బాగా దాటితే మీ జవాబు దొరికినట్టే.

ప్రశ్న: "నిన్నటిదాకా బాగానే ఉంది, నువ్వు ముట్టుకున్నాకే పోయింది" అంటారు కస్టమర్లు. ఎలా తట్టుకోవాలి?

జవాబు: కవర్ విప్పకముందే వాళ్లని పక్కన నిలబెట్టి మెషిన్ నడపండి. లోపలికి పోయే గాలి ఎంత, బయటికొచ్చే గాలి ఎంత, కాంప్రెసర్ ఆంపియర్లు ఎంత, చప్పుడు ఎలా ఉంది, అన్నీ వాళ్లకి వినపడేలా చదివి ఫొటో తీసుకోండి. అప్పటికీ తిట్టేవాళ్లుంటారు, వాళ్లకి మందు లేదు.

ప్రశ్న: చలి దేశాల్లో హీటింగ్ పనికి వెళ్లాలనుంది. ఏసీ వచ్చినవాడికి అది కష్టమా?

జవాబు: హీట్ పంప్ అయితే సగం వచ్చినట్టే, గ్యాస్ దారిని తిరగేసే రివర్సింగ్ వాల్వ్ ఉన్న ఏసీయే అది. చలికాలంలో అవుట్‌డోర్ కాయిల్ మీద మంచు కడుతుంది, దాన్ని కరిగించడానికి మెషిన్ కాసేపు తిరగబడి నడుస్తుంది, అప్పుడు గుప్పున ఆవిరి లేస్తుంది. పొగ అనుకుని ఫోన్ చేస్తారు, కంగారు పడకండి. గ్యాస్ ఫర్నేస్, బాయిలర్ మాత్రం వేరే చదువు. హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో పగులుంటే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు, దానికి రంగు లేదు, వాసన లేదు. కంబషన్ ఎనలైజర్ (మండిన పొగలో ఏముందో కొలిచే మీటర్) వాడటం నేర్చుకోకుండా ఆ పనికి వెళ్లకండి. చాలా దేశాల్లో రిఫ్రిజిరెంట్ (మనం గ్యాస్ అనేదే) ముట్టుకోవాలన్నా సర్టిఫికెట్ ఉండాలి, టికెట్ కొనకముందే కనుక్కోండి.

ప్రశ్న: సొంతంగా మొదలుపెడుతున్నాను. ముందు ఏ టూల్ కొనాలి?

జవాబు: మంచి క్లాంప్ మీటర్, కెపాసిటర్ కూడా చూపించేది. తర్వాత రెండు టెంపరేచర్ క్లాంపులు. గేజ్ సెట్ వాటి తర్వాతే. వాక్యూమ్ పంప్, మైక్రాన్ గేజ్ కలిపే కొనండి, ఒకటి లేకుండా రెండోది దండగ. టార్క్ రెంచ్ (నట్టు ఎంత బిగించాలో కొలిచి బిగించే పానా) ఎవరూ కొనరు, మీరు కొనండి.