'ఎమర్జెంట్' అంటే అత్యవసరమా?

సందేహం: సైన్సు వ్యాసాల్లో 'ఎమర్జెంట్ ప్రాపర్టీస్' అన్న మాటను ఒకచోట 'ఆవిర్భావ గుణాలు' అనీ, ఇంకోచోట 'ఉత్పన్న ధర్మాలు' అనీ, మరోచోట ఏకంగా 'అత్యవసర లక్షణాలు' అనీ రాశారు. ఏది సరైనది?

సమాధానం: మూడోదాన్ని ముందే పక్కన పెడదాం. అది 'ఎమర్జెన్సీ'తో పడ్డ తికమక. రెండు మాటలూ ఒకే లాటిన్ క్రియ నుంచి వచ్చినవే. దాని మూలార్థం నీళ్లలోంచి పైకి తేలడం. తేలడం కాస్తా ఎమర్జెన్సీలో ముంచుకురావడం అయింది! ఆ లాటిన్ ధాతువుకు మన 'నిమజ్జనం'లోని ధాతువు చుట్టమే. ఆ లెక్కన ఎమర్జెన్స్‌కు సూటి సంస్కృత పదం 'ఉన్మజ్జనం'. కానీ వాడుకలో లేదు.

ఇక విషయం. విడి భాగాల్లో లేకుండా, అవి కలిసినప్పుడు మొత్తానికి వచ్చే ధర్మమే ఎమర్జెంట్ ప్రాపర్టీ. ఇటుకల కుప్ప బరువు విడి ఇటుకల బరువుల మొత్తమే, అందులో కొత్తేమీ లేదు. నీటి సంగతి వేరు. హైడ్రోజన్ మండుతుంది, ఆక్సిజన్ మంటకు తోడవుతుంది, రెండూ కలిసిన నీరు మంటనే ఆర్పుతుంది. పోనీ ఒక్క నీటి అణువును విడిగా తీస్తే దానికి తడీ లేదు, పారడమూ లేదు. కూడికకు లొంగని ఈ తేడాను ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1843లోనే నీటి ఉదాహరణతో చర్చించాడు. 'ఎమర్జెంట్' అన్న పేరు పెట్టింది మరో ఇంగ్లీషు తత్వవేత్త జార్జ్ హెన్రీ లూయిస్, 1875లో.

అందుకే 'ఉత్పన్న' పనికిరాదు. పొడవునూ కాలాన్నీ కొలిచే ప్రమాణాల నుంచి లెక్కగట్టి తెచ్చే వేగపు ప్రమాణాన్ని భౌతికశాస్త్రంలో ఉత్పన్న ప్రమాణం అంటారు. ఇక్కడ కథంతా అలా తేలిగ్గా లెక్కకు రాకపోవడంలోనే ఉంది.

'ఆవిర్భావం'లో మాత్రం ఒక మెలిక ఉంది. మన ప్రాచీన తత్వశాఖలైన దర్శనాల్లో ఒకటి సాంఖ్యం. సాంఖ్యుల మతంలో కార్యం, అంటే ఫలితం, కారణంలో ముందే దాగి ఉంటుంది, అది బయటపడటమే ఆవిర్భావం. న్యాయ దర్శనం వారైన నైయాయికులు ఒప్పుకోరు: కుండ పుట్టకముందు కుండ లేదు, అంతే. భౌతికవాదులైన చార్వాకులు చైతన్యానికి మత్తును పోలిక తెచ్చారు. మద్యం చేసే సరుకుల్లో విడివిడిగా లేని మత్తు అవి కలిసి పులిస్తే వచ్చినట్టే, నేల, నీరు వంటి భూతాల కలయికలో చైతన్యం పుడుతుందన్నారు. మీరడిగిన భావానికి దగ్గరి మాట వాళ్లదే. కాబట్టి దర్శనాల పరిభాష పట్టుకుంటే 'ఆవిర్భావం' అవతలి పక్షం మాట. మునిగి ఉన్నదే కదా తేలేది, ఆ ఇబ్బంది ఇంగ్లీషు మాటకూ ఉంది! అయితే నేటి తెలుగులో ఆవిర్భావం అంటే కొత్తగా పుట్టడమే గనుక నేను తప్పు పట్టను.

తప్పు పట్టేది సమాసాన్ని. 'ఆవిర్భావ గుణం' అంటే ఆవిర్భావానికున్న గుణం అనిపిస్తుంది. ఆవిర్భవించిన ధర్మం అని మన ఉద్దేశం కనుక 'ఆవిర్భూత ధర్మం' అనాలి. 'భౌతిక ధర్మాలు, రసాయన ధర్మాలు' అని చదువుకున్నవాళ్లం, గుణం కన్నా ధర్మమే అతుకుతుంది.

నిజానికి ఈ భావం వ్యాకరణం చదివినవారికి కొత్తది కాదు. బురదలో పుట్టేవి ఎన్నో ఉన్నా 'పంకజం' తామరే. ఆ తామర 'పంక'లోనూ లేదు, 'జ'లోనూ లేదు. 'ముక్కంటి'లో మూడూ కన్నూ కనిపిస్తాయి, శివుడు కనిపించడు. బహువ్రీహిలో అర్థం వేరే పదానిదని సూత్రం చెబుతుంది గానీ, ఆ వేరే ఎవరో చెప్పదు.

పిల్లలకు రాసేటప్పుడు మాత్రం నేను 'కలయికలో పుట్టిన ధర్మం' అనే రాస్తాను. విగ్రహవాక్యం చెప్పే పని తప్పుతుంది.