పాముమెడ పక్షినీ నీటికుక్కనూ పోల్చేటప్పుడు

బిడ్డా,

కాలేజీ ప్రాజెక్టుకు పాముమెడ పక్షినీ నీటికుక్కనూ పోల్చి రాస్తున్నానన్నవు. మంచి జతనే దొరికింది నీకు. అయితే రంగు, పొడవు, బరువు అని గడులు గీసి నింపకు, అవి ఏ పుస్తకంలనైనా ఉంటయి. నీళ్లల్ల మునిగినప్పుడు ఒంటికి ఏమైతదో అది చూడు. మిగతా తేడాలు చాలావరకు అండ్లకెల్లే వస్తయి.

పక్షి ఈకలు నీళ్లకు నానుతయి. గాలి నిలవదు గనుక ఒళ్లు తేలదు, చప్పుడు లేకుండ చేప పక్కకు చేరుతది. వంకర తిరిగిన మెడ ఒక్కసారే సాగి, మొనదేలిన ముక్కు చేప డొక్కల దిగుతది. పైకొచ్చి, ఎగరేసి, తలకాయ దిక్కు నుంచి గుటుక్కున మింగుతది. తర్వాత మోడు మీద రెక్కలు చాపుకొని ఆరబెట్టుకునుడే పని. నీటికాకి గూడ అట్లనే ఆరబెడతది, మోసపోకు. దాని ముక్కు కొస కొక్కెం తిరిగి ఉంటది.

నీటికుక్కకు ఆ బాధ లేదు. పై బొచ్చు కింద ఇంకో దట్టమైన బొచ్చు ఉంటది, అండ్ల గాలి చిక్కి చర్మం దాక తడి పోదు. మన గోదావరి దిక్కు చూడాల్సింది నున్నబొచ్చు రకం, పెద్దది 7 నుంచి 11 కిలోలు తూగుతది. కుటుంబమంత కలిసి వేటాడుతది, ఒక్కోసారి వరస కట్టి చేపలను తరుముతయి. ముందరి కాళ్లతోటి పట్టుకొని కొరికి తింటది, పెద్ద చేపైతే ఒడ్డుకు ఈడుస్తది.

పక్షి కోసమైతే పొద్దుగాల పాకాల చెరువుకు పో. నీళ్లల్లకెల్లి మెడ ఒక్కటే నిలువుగ లేస్తే అది పక్షి. చదునైన తలకాయ ముందుకు పోతుంటే, వెనుక అల రెండుగ చీలితే నీటికుక్క కావచ్చు. అది కనబడకుంటే దిగులు పడకు, ఒడ్డున బండల మీద పెంటికలు వెతుకు. నీసు వాసన కొడతయి, అండ్ల చేప పొలుసులు, ఎండ్రికాయ చిప్పలు ఉంటయి. నన్నడిగితే, ఫొటో కంటే ఆ పెంటికల మీద రాసిన పేజీనే ఎక్కువ పనికొస్తది.

మంథని దిక్కు పోతే నీళ్ల అంచుకు దిగకు, గోదావరి ఒడ్డున శివ్వారం అభయారణ్యంల మొసళ్లుంటయి. గూళ్ల కిందికి గూడ పోకు. తల్లిపక్షి లేచిందంటే కాకులు గుడ్లెత్తుకపోతయి.

రాసినంక వాట్సాప్ల పంపు. అక్షరాలు జర పెద్దగ పెట్టు.

మీ పెద్దబాపు