గ్రా తుపాకీ కొన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫ్రాన్స్‌లోని సెంత్ ఎతియెన్ ఆయుధశాలలో తయారైన 1874 నమూనా గ్రా తుపాకీ, అంటే ఒక్కో తూటా నింపి కాల్చే పాత ఫ్రెంచ్ సైనిక తుపాకీ, నీ చేతికి వచ్చిందనీ, వచ్చే ఆదివారమే కాల్చి చూడాలని ఉందనీ వ్రాశావు. ఫ్రాన్స్‌లో స్థిరపడినప్పటి నుంచి ఈ తుపాకులతోనే గడుపుతున్న నాకు తెలిసినంతలో, వీటిని ఎక్కువగా పాడుచేసేది కాల్చిన తరువాత వచ్చే మొదటి రాత్రే. నా మొదటి గ్రాను అలసటతో అలాగే గోడకు ఆనించి పడుకున్నాను. తెల్లవారేసరికి తూటా గది అంచున ఎర్రటి తుప్పు వలయం కట్టింది. ఆ మచ్చ ఈనాటికీ పోలేదు.

కాల్చే ముందు తెలిసిన మరమ్మతుదారు చేత గొట్టాన్నీ, గొట్టం వెనుక భాగాన్ని మూసే బోల్టునూ పరీక్ష చేయించు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కొన్ని గ్రా తుపాకులను తరువాతి ఫ్రెంచ్ తుపాకీ లెబెల్ వాడే 8 మిల్లీమీటర్ల తూటాకు మార్చారు కనుక నీది అసలైన 11 మిల్లీమీటర్లదో కాదో కొలిచి తెలుసుకోవాలి. ఆనాటి సైనిక తూటాలో 25 గ్రాముల సీసపు గుండు వెనుక 5.25 గ్రాముల నల్ల తుపాకీమందు ఉండేది. నూట యాభై ఏళ్ల ఉక్కును ఆ కొలతతో పరీక్షించవద్దు. తక్కువతో మొదలుపెట్టు, అయితే మందుకూ గుండుకూ నడుమ ఖాళీ మాత్రం మిగలనీయకు. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త పాల్ వియే పొగలేని మందు తయారుచేసింది 1884లో, అంటే ఈ తుపాకీ పుట్టిన పదేళ్లకు. ఇది నల్లమందు కోసమే చేసినది కనుక ఎంత కొంచెమైనా సరే, ఆ పొగలేని రకం మందు ఇందులో పోయకూడదు.

గుండుకు తేనెమైనం, గొర్రె కొవ్వు సమానంగా కరిగించి పూయి. పెట్రోలియం నూనె వాడితే మసితో కలిసి తారులా గట్టిపడి గొట్టం లోపలి మెలికల గాడులను పూడ్చేస్తుంది. నేను ఒక ఖాళీ ఇత్తడి కేసు అడుగున రంధ్రం చేసి, దానికి సన్నని గొట్టం అతికించి ఉంచుకున్నాను. కొన్ని గుండ్లు కాల్చాక బోల్టు తెరిచి, తుపాకీ మూతిని లక్ష్యం వైపే ఉంచి, ఆ గొట్టంతో వెనుక నుంచి నాలుగైదుసార్లు నిదానంగా ఊపిరి ఊదితే, ఆ తేమకు మసి మెత్తబడి తరువాతి గుండు గురి తప్పదు.

ఇక శుభ్రపరచడం గురించి. నల్లమందులో ముప్పాతిక భాగం సురేకారమే, మిగిలినవి బొగ్గు, గంధకం. అది కాలాక మిగిలే లవణాలు గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేస్తాయి. అవి నూనెకు లొంగవు, నీటికి కరుగుతాయి. అందువల్ల ఆ రోజే, వీలైతే అక్కడే, కుడివైపు స్క్రూ విప్పి బోల్టు బయటకు తీసి, కొయ్య తడవకుండా గరాటుతో వెనుక నుంచి వేడినీళ్లు పోయి. గుడ్డముక్క తెల్లగా వచ్చేవరకు తుడిచి, గొట్టం వేడికి పూర్తిగా ఆరాక పలుచగా నూనె పట్టించు. మర్నాడు మరొక గుడ్డ దూర్చి చూడు. గోధుమరంగు కనిపిస్తే మళ్లీ నీళ్ల దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

తుపాకీ మడమకు, అంటే భుజానికి ఆనించే కొయ్య భాగానికి, కుడి ప్రక్కన కొయ్యలోకి నొక్కిన గుండ్రని ముద్ర ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దితే అది శాశ్వతంగా పోతుంది. వాల్‌నట్ కొయ్యకు కాస్త అవిసె నూనె చాలు. తుపాకీ మూతికి తగిలించే బాకు (బయొనెట్) వీపు మీద చేతివ్రాతలా చెక్కిన ఆయుధశాల పేరునూ, సంవత్సరాన్నీ కూడా మెరుగుపెట్టకు. ఇనుప భాగాలకు కొత్తగా నలుపు రంగు వేయించాలన్న కోరిక వస్తే దయచేసి నాకు ఒకసారి ఫోను చేయి.

తరువాత షాస్పో, అంటే గ్రాకు ముందటి ఫ్రెంచ్ సైనిక తుపాకీ, కూడా కొంటానన్నావు. దాని కాగితపు తూటాకు చెందిన నిప్పు కణిక తూటా గదిలో మిగిలిపోవచ్చు కనుక ప్రతిసారీ చూసుకున్నాకే మళ్లీ నింపాలి. బోల్టు కొన మీది రబ్బరు వలయం గట్టిపడితే వాయువు వెనక్కి, నీ ముఖం వైపే వస్తుంది.

1900కు ముందటి తుపాకులకు ఇక్కడ ఉన్న వెసులుబాటు మన దేశంలో చెల్లదు, ఇంటికి తీసుకువెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు. ఆదివారం నేను కూడా వస్తాను. కొలత కడ్డీ, గరాటు నేను తెస్తాను, ఫ్లాస్కు నిండా వేడినీళ్లు నీవు తీసుకురా.

మీ మామయ్య