కొత్త కణం దొరికిందని ఎప్పుడు నమ్మాలి?

ప్రశ్న: హిగ్స్ బోసాన్ తర్వాత మరో మౌలిక కణం జాడ తెలిసిందని వార్తలు వచ్చాయి, కొన్నాళ్లకే అది లేదన్నారు. అలా ఎలా జరుగుతుంది? అసలు తెలిసిన కణాలు చాలవని ఎందుకు అనుకుంటున్నారు?

జవాబు: రెండో సందేహానికి సమాధానం చిన్నది. మౌలిక కణాలనూ, గురుత్వాకర్షణ మినహా మిగిలిన బలాలనూ వివరించే స్టాండర్డ్ మోడల్ ప్రయోగశాలల్లో దాదాపు ప్రతి పరీక్షకూ నిలిచింది. అయితే విశ్వంలో మామూలు పదార్థానికి ఐదు రెట్లకు పైగా కృష్ణపదార్థం (కంటికి కనిపించకుండా గురుత్వాకర్షణ ద్వారానే జాడ తెలిసే పదార్థం) ఉందని ఖగోళ పరిశీలనలు చెబుతుండగా, అందుకు తగిన కణం స్టాండర్డ్ మోడల్‌లో ఒక్కటీ లేదు. న్యూట్రినోలనే అతితేలిక కణాలకు ద్రవ్యరాశి లేదన్న ఆ మోడల్ తొలి భావనను కూడా 1998లో జపాన్‌లోని సూపర్ కామియోకాండే అనే భూగర్భ పరిశోధనశాల పరిశీలనలు తోసిపుచ్చాయి.

మొదటి సందేహం లోతైనది. జెనీవా దగ్గర సెర్న్ అనే కణ పరిశోధన సంస్థలోని 27 కిలోమీటర్ల వలయంలో ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు బరువైన కణం పుట్టినా, అది పుట్టీపుట్టగానే విచ్ఛిన్నమవుతుంది కనుక పరికరాలకు చిక్కేవి దాని నుంచి వెలువడినవి మాత్రమే. ఉదాహరణకు రెండు ఫోటాన్లు (కాంతి కణాలు) వెలువడితే, వాటి శక్తినీ దిశలనూ బట్టి మూలకణం ద్రవ్యరాశిని లెక్కగట్టి, అలాంటి ఘటనలన్నిటినీ ఒక గ్రాఫులో చేరుస్తారు. తెలిసిన ప్రక్రియల వల్ల నునుపైన వాలు ఏర్పడుతుంది. కొత్త కణం ఉంటే ఆ వాలు మీద ఒకచోట బొడిపె లేస్తుంది. చిక్కేమిటంటే బొడిపెలు యాదృచ్ఛికంగానూ లేస్తాయి. వందల చోట్ల వెతికేవారికి ఎక్కడో ఒకచోట అలాంటిది ఎదురుకాక తప్పదు.

2015 డిసెంబరులో 750 జీఈవీ (కణాల ద్రవ్యరాశిని చెప్పే కొలమానం) దగ్గర సరిగ్గా అలాంటి బొడిపెను అట్లాస్, సీఎంఎస్ అనే రెండు వేర్వేరు ప్రయోగాలూ చూపడంతో, దాన్ని వివరిస్తూ కొద్ది నెలల్లోనే వందల సంఖ్యలో సిద్ధాంత పత్రాలు వెలువడ్డాయి. (ఆ తొందరను మరీ తప్పుపట్టలేం, రెండు చోట్లా ఒకేలా కనిపిస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది.) 2016 ఆగస్టు నాటికి మరింత దత్తాంశం చేరగా అది చదునైపోయింది. హిగ్స్ కథా ఇలాగే మొదలైంది: 2011 డిసెంబరులో 125 జీఈవీ దగ్గర చిన్న సూచన కనిపించింది, కానీ 2012 జూలై నాటికి అది తగ్గకుండా పెరిగి ఐదు సిగ్మాల స్థాయికి చేరింది.

ఐదు సిగ్మాలంటే, కొత్త కణమేదీ లేకుండా కేవలం యాదృచ్ఛికంగా అంత బొడిపె లేచే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి అని. పత్రికలు తరచుగా రాసినట్టు, కణం లేకపోయే అవకాశం అంత అని కాదు. అందుకని ఇలాంటి వార్త చదివినప్పుడు బొడిపె ఎంత పెద్దదన్నది కాక, దత్తాంశం రెట్టింపయ్యాక అది పెరిగిందా, తరిగిందా అన్నది చూడండి.