గేర్‌బాక్స్ ఇప్పుడే దించకు

చిరంజీవి సురేష్‌కి,

నేలమీదా నీళ్లలోనూ నడిచే నీ బండి ఎడమకి లాగేస్తోందనీ, కుడివైపు తిప్పుదామంటే లివరు చివరిదాకా లాగినా మాట వినట్లేదనీ, గేరు వేస్తే కరకరమంటోందనీ రాశావు. అవన్నీ సరే. చివర్లో గేర్‌బాక్స్ దించేద్దామనుకుంటున్నానని ఒక ముక్క రాశావు చూడు, దానికోసమే వెంటనే జవాబు రాస్తున్నాను. దించకు. కొత్తలో నేనూ ఇలాగే దించాను. రెండు ఆదివారాలు పోయాయి. లోపల పళ్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి. తీరా చూస్తే ఎడమ పక్క టైర్లలో గాలి తక్కువ!

మన బండ్లలో కారులాగా ముందు చక్రాలు పక్కకి తిరగవు కదా. ఒక పక్క చక్రాలన్నీ చైన్లతో కలిసే నడుస్తాయి. ఏ పక్క లివరు లాగితే ఆ పక్క బ్రేకు పడి నెమ్మదిస్తుంది, రెండో పక్క నెడుతుంది, బండి నెమ్మదించిన వైపుకి తిరుగుతుంది. నువ్వు లివరు లాగకుండానే తిరుగుతోందంటే, ఆ పక్కని ఇంకేదో ఆపుతోందన్నమాట. వెతకాల్సింది దాన్నే.

మొదట టైర్లు. వీటిలో ఉండేదే రెండు నుంచి అయిదు పీఎస్ఐ, కాబట్టి అర పీఎస్ఐ తేడా కూడా తెలుస్తుంది. కారు టైర్లకి వాడే గేజీ ఇంత తక్కువ ఒత్తిడిని సరిగా చూపించదు, తక్కువ కొలతల గేజీ కొనుక్కో. గాలి సమానం చేశాక ఒక్కో టైరు చుట్టూ తాడు చుట్టి కొలువు. ఒక పక్క కొత్తవీ, ఇంకో పక్క అరిగినవీ ఉంటే చుట్టుకొలత తక్కువున్న పక్కకి లాగుతుంది.

తర్వాత బండిని స్టాండ్ల మీదకి ఎత్తి, న్యూట్రల్‌లో పెట్టి, తాళం తీసి జేబులో వేసుకో. తాళం సంగతి ఊరికే చెప్పట్లేదు, చైన్ల దగ్గర వేళ్లు పెట్టబోతున్నావు. రెండు పక్కలా చక్రాల్ని చేత్తో తిప్పు. ఎడమ పక్క బిగుతుగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి వదలట్లేదు. నా అనుమానం ఇదే. ఎడమ బ్రేకు పట్టేస్తే బండి ఎడమకి లాగుతుంది, కుడికి తిరగడానికీ మొరాయిస్తుంది. నీ రెండు ఫిర్యాదులకీ మూలం ఒకటే కావచ్చు. కేబుల్ తుప్పుపట్టి వెనక్కి రాకపోయినా, సర్దుబాటు మరీ బిగించినా ఇలాగే అవుతుంది.

అక్కడ బాగానే ఉంటే కుడి లివరు సంగతి చూడు. లాగినప్పుడు మెత్తగా, స్పాంజిలా ఉందా? హైడ్రాలిక్ బ్రేకయితే లైనులో గాలి చేరింది, బ్లీడింగ్ చెయ్యి, అంటే ఆ గాలిని బయటికి పంపించు. గట్టిగానే ఉండి చివరిదాకా వస్తోందా? ప్యాడ్లో, బ్యాండో అరిగింది, లేదా కేబుల్ సాగింది. నీళ్లలోంచి పైకొచ్చిన వెంటనే మాత్రమే పట్టట్లేదంటే బ్రేకు తడిసిందంతే. కొంతదూరం లివర్లు తేలిగ్గా లాగి పట్టుకుని నడిపితే ఆరిపోతుంది. అన్నట్టు, పొడి గట్టి నేల మీద హై గేరులో తిప్పుతూ తిరగట్లేదని బండిని తిట్టకు. లో గేరులో తిప్పి చూడు.

ఇక గేరు గోల. ఇంజన్ ఆపేసి గేరు మార్చు. అప్పుడు చప్పుడు లేకుండా పడితే గేర్‌బాక్స్ తప్పేమీ లేదు. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు కూడా, ఇంజన్ నుంచి వచ్చే బెల్టు గేర్‌బాక్స్‌ని తిప్పుతూనే ఉంది, అందుకే పళ్లు రాసుకుంటున్నాయి. ఐడిల్ ఎక్కువైందేమో, బెల్టు పొడవు సరైనదేనా, ఇంజన్ వైపు క్లచ్ పూర్తిగా వదులుతోందా అన్నవి చూడు. ఇంజన్ ఆపినా గట్టిగానే ఉంటే ముందు గేరు రాడ్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే లింకేజీ చూడు, ఆ తర్వాతే లోపలికి.

ఇంజన్ అరుస్తున్నా బండి కదలకపోతే బెల్టు జారుతోంది. మూత తీస్తే నల్లటి రబ్బరు పొడి, పక్కలు అద్దంలా మెరిసిపోవడం కనిపిస్తాయి. నీళ్లలో దిగాకే జారితే బెల్టు మార్చనక్కర్లేదు. మూతలోకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పట్టుకో. పుల్లీల మీద మాత్రం పొరపాటున కూడా గ్రీజు పడనివ్వకు.

తిరిగేటప్పుడు టకటకమని కొట్టుకుంటే చైన్లు వదులయ్యాయి. పక్కకి తిరిగేటప్పుడే వాటిమీద బరువంతా పడుతుంది. వదులు చైను పన్ను దాటిందంటే హల్‌ని, అంటే బండి పడవలాంటి ఒంటిని కూడా చీల్చగలదు, కాబట్టి దీన్ని వాయిదా వెయ్యకు.

గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం ఈరోజే కాస్త తీసి చూడు. పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీళ్లు చేరాయి. వేడి మీదున్న పెట్టె చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది, గాలి గొట్టం మూసుకుపోయి ఉంటే సీళ్లలోంచి నీళ్లు పీలుస్తుంది. ఆయిల్ మార్చి గొట్టం శుభ్రం చెయ్యి. ఆయిల్లో ఇనుప రేకులు కనిపిస్తే మాత్రం నీ మాటే నెగ్గింది, దించేద్దాం, నేనూ వస్తాను.

ఎడమ చక్రాలు బిగుతుగా ఉన్నాయో లేదో రాత్రికి ఫోన్ చేసి చెప్పు. ఇంకోటి, పని చేసేటప్పుడు హల్ అడుగున డ్రెయిన్ ప్లగ్గు తీస్తావు కదా, చెరువులో దించే ముందు అది మళ్లీ పెట్టు. నవ్వకు. నేను మర్చిపోయాను, సీటు తడిసేదాకా తెలియలేదు.

మీ బాబాయి