మీ ప్రశ్నలు – మా జవాబులు: గ్రీకు ఇల్లాలి మగ్గం, కట్నం, వారసత్వం

ప్రశ్న: మాది బండారులంక, గుంట మగ్గం మీద కూర్చుని నేస్తాం. పాతకాలపు గ్రీకు కుండల మీది బొమ్మల్లో ఆడవాళ్లు నిలబడి నేస్తున్నారు. మరి పడుగు (నిలువు పోగుల) బిగువు ఎలా నిలుస్తుంది?

జవాబు: మట్టి బిళ్లల బరువుతో. రెండు గుంజలను గోడకు ఏటవాలుగా ఆనించి పైన అడ్డదూలం పెడతారు. దాన్నుంచి పడుగు పోగులు కిందికి వేలాడతాయి. కొన్నేసి పోగులు కలిపి, కొసన చిల్లున్న మట్టి బిళ్ల కడతారు. ఏటవాలు వల్ల సగం పోగులు కింది అడ్డకర్రకు ముందు, సగం వెనక నిలిచి పేక (అడ్డ పోగు) దూరే సందు దానంతటదే తెరుచుకుంటుంది. రెండో సందు కావాలంటే వెనక పోగులకు ఉచ్చులు వేసి కట్టిన కర్రను ముందుకు లాగాలి. కాలితో తొక్కే పని లేదు. నేత పైనుంచి మొదలవుతుంది కాబట్టి పేకను పైకి కొట్టాలి. మీరు ఒళ్లోకి కొట్టుకుంటారు, వాళ్లు నెత్తి వైపుకి. భుజాలు లాగేసే పని అది. పన్నా (గుడ్డ వెడల్పు) ఎక్కువైతే ఇద్దరు నిలబడాలి, లేదా ఒక్కరే అటూ ఇటూ నడవాలి.

బిళ్లల బరువు సమానంగా ఉంటే చాలదు, పోగు మీద పడే బరువు సమానంగా ఉండాలి. 200 గ్రాముల బిళ్లకు 10 పోగులు కడితే పోగుకు 20 గ్రాములు. పక్క బిళ్లకు 20 పోగులు కట్టారా, 10 గ్రాములే. అక్కడ గుడ్డ వదులై అలలు తేలుతుంది. బరువు మరీ ఎక్కువైతే ఉన్ని నూలు తెగుతుంది. గుంజలు నిటారుగా పెట్టినా చిక్కే, సందు సరిగా విచ్చుకోదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక చిన్న నూనె కూజా ఉంది, క్రీ.పూ. 550–530 ప్రాంతంలోది. ఉన్ని తూచడం, వడకడం, ఇద్దరు మగ్గం దగ్గర నిలబడడం, నేసిన గుడ్డ మడత పెట్టడం, అన్నీ దాని చుట్టూ గీసి ఉన్నాయి.

ప్రశ్న: మా పాలకొల్లు వైపు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం ఆడపిల్లదే. గ్రీసులో విడిపోతే కట్నం ఎవరికి?

జవాబు: ఏ ఊరిదన్న దాన్నిబట్టి. ఏథెన్స్‌లో కట్నం మొగుడి చేతిలో ఉంటుంది గానీ అతనిది కాదు. విడిపోతే పుట్టింటివారికి తిరిగి కట్టాలి. కట్టకపోతే ఏడాదికి నూటికి 18 వడ్డీ. 3000 ద్రాక్మాల (వెండి నాణేల) కట్నమైతే ఏటా 540. పెద్ద కట్నాలకు ముందే భూమిని హామీగా రాయించుకుని, ఆ సంగతి చెక్కిన రాయి పొలంలో పాతించేవారు. అలాంటి రాళ్లు తవ్వకాల్లో దొరికాయి.

క్రీట్ దీవిలోని గోర్టిన్‌లో క్రీ.పూ. 450 ప్రాంతంలో చట్టాన్ని గోడ మీదే చెక్కారు. దాని ప్రకారం విడిపోయే భార్య తన ఆస్తి, దాని పంటలో సగం, తాను నేసిన బట్టలో సగం తీసుకుపోవచ్చు. తప్పు మొగుడిదైతే 5 స్టేటర్లు (అవీ వెండి నాణేలే) అదనం. స్పార్టాలోనైతే దాదాపు అయిదింట రెండు వంతుల భూమి ఆడవాళ్లదేనని అరిస్టాటిల్ రాశాడు. మెచ్చుకోలుగా కాదులెండి, అది ఆ రాజ్యానికి లోపమని ఆయన వాదన.

ప్రశ్న: ఏథెన్స్ ఆడవాళ్లు గడప దాటేవారు కాదా? (నరసాపురం)

జవాబు: ఉన్నవాళ్ల ఇళ్ల మాట అది. లేనివాళ్లు సంతలో రొట్టెలు, రిబ్బన్లు అమ్మారు, మంత్రసానులుగా బతికారు. కాకపోతే ఒక మెడిమ్నస్, అంటే సుమారు 52 లీటర్ల బార్లీ విలువ దాటిన బేరం ఆడది సొంతంగా చేస్తే చట్టంలో చెల్లదు.

ప్రశ్న: అన్నదమ్ములు లేని పిల్లను బాబాయికే ఇచ్చేవారట, నిజమా? (రాజోలు)

జవాబు: నిజమే. మేనమామను చేసుకునే మనకు బాబాయి వరస అంటే చెవులు మూసుకోవాలనిపిస్తుంది గానీ, ఏథెన్స్‌లో తండ్రి పోయాక ఆ పిల్లను అడిగే మొదటి హక్కు తండ్రి అన్నదమ్ములది, తర్వాత వాళ్ల కొడుకులది. ఆస్తి తండ్రి వంశంలోనే నిలవాలన్నదే లెక్క. అయినా చేసుకున్నవాడికి అది దక్కదు. ఆమె కొడుకులు పెద్దయ్యాక వాళ్లకు పోతుంది. గోర్టిన్‌లో అలాంటి పిల్ల ఆ వరుణ్ని వద్దనవచ్చు. పట్నంలో ఇల్లుంటే అది తనకే ఉంచుకుని, మిగతా ఆస్తిలో సగం అతనికి వదులుకుని, తన తెగలోనే వేరొకర్ని చేసుకోవచ్చు.