టైమింగ్ గుర్తు ఊగుతుంటే ముందు చూడాల్సినవి

మీ పాత పెట్రోల్ ఇంజిన్‌లో ఇగ్నిషన్ టైమింగ్‌ను (స్పార్క్ పడే సమయాన్ని) ఐడిల్‌లో 8 డిగ్రీలకు సెట్ చేసినా టైమింగ్ లైట్ వేసినప్పుడు పుల్లీ మీది గుర్తు ఊగుతోందనీ, ఎత్తు ఎక్కేటప్పుడు నాకింగ్ (ఇంజిన్‌లో టకటక చప్పుడు) వస్తోందనీ అన్నారు. ఇక డిస్ట్రిబ్యూటర్‌ను (ప్లగ్‌లకు స్పార్క్ పంచే భాగాన్ని) తిప్పకండి. ముందు దానిలోని పాయింట్ల (తెరుచుకున్నప్పుడు స్పార్క్ పుట్టించే కాంటాక్ట్‌ల) గ్యాప్ చూడండి. పాత నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో చాలావాటికి అది సుమారు 0.4 మి.మీ.; మీ మాన్యువల్ అంకే ప్రమాణం. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుని టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది, అంటే స్పార్క్ ముందే పడుతుంది. అందుకే గ్యాప్ తర్వాతే టైమింగ్.

డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వాక్యూమ్ గొట్టం తీసి, కార్బురేటర్ వైపు మూసి, మళ్లీ లైట్ వేయండి. అప్పటికీ ఊగితే ఇంజిన్ ఆపి డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటర్ షాఫ్ట్‌ను పక్కలకు కదపండి. ఆట (వదులు) చేతికి తెలిస్తే షాఫ్ట్‌ను పట్టి ఉంచే బుష్ అరిగినట్టే, ఎంత సెట్ చేసినా నిలవదు. షాఫ్ట్ బాగుంటే క్రాంక్‌ను చేత్తో ముందుకు తిప్పి, మెల్లగా వెనక్కి తిప్పండి. రోటర్ కదలకముందే క్రాంక్ చాలా డిగ్రీలు తిరిగితే టైమింగ్ చైన్ సాగింది.

నాకింగ్‌కు నా మొదటి అనుమానం వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపే అడ్వాన్స్ వెయిట్ల స్ప్రింగుల మీదే. అవి సాగితే తక్కువ వేగంలోనే అడ్వాన్స్ పూర్తయిపోతుంది. రేస్ మెల్లగా పెంచుతూ లైట్‌లో చూడండి: గుర్తు క్రమంగా జరగాలి, వదిలితే వెంటనే తిరిగి రావాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా నాకింగ్ ఆగకపోతే, ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ను ఆపే సాధనం) పెట్టి అసలు టీడీసీని (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానాన్ని) కనుక్కోండి. రబ్బరు డ్యాంపర్ ఉన్న పుల్లీ బయటి రింగ్ జారితే గుర్తే తప్పు చూపిస్తుంది.